ఆరు మిల్లీమీటర్ల పౌరుషం

మనుషుల్ని అంచనా వెయ్యడంలో నాకు పెద్ద పేరేమీ లేదు. మాకు ఇల్లు అమ్మినాయన నన్ను చూశాకే ధర పెంచాడు. పాత కారు అమ్మినాయన సంతోషం పట్టలేక రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపాడు. కానీ ఆరు మిల్లీమీటర్ల ఎత్తున్న సైనికుణ్ణి ఒకణ్ణి నా అరచేతిలో పెట్టి చూడండి. వాడి అచ్చు కొత్తదా అరిగిందా, వాడు నడుస్తున్నాడా నిలబడి నిద్రపోతున్నాడా, వాణ్ని చెక్కినవాడికి గుర్రం అంటే ఏమిటో తెలుసా, అన్నీ చెప్పేస్తాను. మా ఇంట్లో దీన్ని విద్య కింద జమకట్టరు. రోగం కింద రాసుకున్నారు.

రోగ లక్షణాలు ఇవీ. బల్ల మీద గుట్టలూ చెట్లూ ఇళ్ళూ పేర్చి, మధ్యలో పాతకాలపు సైన్యాల్ని బొమ్మలుగా నిలబెట్టి, టేపుతో దూరాలు కొలుస్తూ పాచికలు వేస్తూ యుద్ధాలు ఆడతారు. వార్‌గేమింగ్ అంటారు. చిన్నపిల్లల ఆట అని తీసిపారెయ్యకండి. హెచ్.జి.వెల్స్ అంతటివాడు 1913లో నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ అని పుస్తకమే వేశాడు. నేల మీద మోకాళ్ళు ఆనించి ఆడేవాడట. ఈ వాక్యం మా ఆవిడకి చదివి వినిపిస్తే, “ఆయన పుస్తకాలు రాసి సంపాదించాక ఆడాడు కదండీ” అంది.

మేముండేది ఇంగ్లండులో, నాటింగ్‌హామ్ దగ్గర. ఇలాంటి బొమ్మలు చేసే కంపెనీలు చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయంటే, ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఈ ప్రాంతాన్ని లెడ్ బెల్ట్ అని పిలుచుకుంటారు. అంటే సీసం పండే సీమ అన్నమాట. నాకు ఉద్యోగం వేరే ఏ ఊళ్ళో వచ్చినా బాగుపడేవాణ్ణని మా ఆవిడ గట్టి నమ్మకం. పోత బొమ్మల్లో సీసం కలుపుతారు కదా, రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ తగ్గింది గానీ సీసం మాత్రం పెరగలేదు. ఆ కాగితం ఆమెకి చూపించాను. ఆమె పర్సు వంక చూసింది.

బొమ్మల్లో చాలా కొలతలున్నాయి. ఎక్కువమంది ఆడేది 28 మిల్లీమీటర్లతో. వాటికి మొహాలుంటాయి, గుండీలుంటాయి, అభిప్రాయాలు కూడా ఉన్నట్టుంటాయి. తర్వాత 15, 10, ఆ కిందన 6. నేను ఆరుకి దిగిపోయాను. యుద్ధమంటే గుంపు, గుంపు కనిపించాలంటే బొమ్మ చిన్నదవాలి అని బయట అందరికీ చెబుతాను. అదీ నిజమే. అసలు కారణం, 28 మిల్లీమీటర్ల సైన్యానికి బీరువా కావాలి. ఆరు మిల్లీమీటర్ల సైన్యం బటర్ కుకీల నీలం డబ్బాలో పడుకుంటుంది. మా ఇంట్లో అలాంటి డబ్బాల్లో సూదీదారం ఉంటాయని మా ఆవిడ చాలాకాలం అనుకుంది.

నాణ్యత దగ్గరికి వస్తాను. దీన్ని గురించి మాట్లాడమంటే నేను తిండి కూడా మానేస్తాను.

ఆరు మిల్లీమీటర్లంటే దాదాపు 1:300. అయిదడుగుల ఏడంగుళాల మనిషి 5.7 మిల్లీమీటర్లకి వస్తాడు. పద్దెనిమిదో శతాబ్దపు తుపాకీ పొడవు సుమారు 150 సెంటీమీటర్లు, అది అయిదు మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. గొట్టం మందం చూడండి. రెండు సెంటీమీటర్లనుకుంటే 0.07 మిల్లీమీటర్లు. అంటే తలవెంట్రుక. వెంట్రుకని లోహంలో పోత పొయ్యలేరు, పోసినా నా వేలు తగలగానే ప్రాణం విడుస్తుంది. అందుకని చెక్కేవాడు తుపాకీని అయిదారు రెట్లు లావు చేస్తాడు. చేతులు లావు చేస్తాడు, తలకాయ పెంచుతాడు, ఛాతీ మీది తోలుపట్టీని వడ్డాణమంత వెడల్పు చేస్తాడు. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ లావు తుపాకీని చూసి ‘కొలత తప్పింది’ అంటారు. తప్పాల్సిందే. ఎంత తప్పించాలో తెలిసినవాడే మంచి శిల్పి. ఇప్పుడు కంప్యూటర్లో 28 మిల్లీమీటర్లకి చేసిన బొమ్మని ఒక మీట నొక్కి ఆరుకి కుదించి త్రీడీ ప్రింటర్‌లో తీస్తున్నారు. ఫోటోలో చూస్తే అబ్బ అనిపిస్తుంది. పార్సిల్ విప్పితే తుపాకులన్నీ డబ్బా అడుగున, మనుషులు వట్టి చేతులతో పైన.

మా షోకేసులో పెళ్ళికొచ్చిన బొబ్బిలి వీణ ఒకటుంది. బొమ్మవీణ, జానెడు. మా ఆవిడది బొబ్బిలి. అసలు బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, మెట్లు ఇరవై నాలుగు, తీగలు ఏడు. ఈ జానెడు వీణ మీద నేను భూతద్దం పెట్టి మెట్లు లెక్కపెట్టాను. అన్ని లేవు. తీగలేమో, ఈ కొలతకి ఉండాల్సినదానికంటే బాగా లావు. నిజం వీణని ఇంతకి కుదిస్తే తీగలు కంటికే ఆనవు. కనుక చేసినవాడు మెట్లు తగ్గించాడు, తీగలు లావుచేశాడు, గుమ్మడికాయ బుర్రని ఒక వీసం పెద్దది చేశాడు. గుమ్మం దగ్గర్నించి చూస్తే వీణ తప్ప ఇంకేమీ కాదు. ఆరు మిల్లీమీటర్ల శిల్పం గురించి ఏళ్ళ తరబడి నేను కూడబెట్టుకున్న జ్ఞానమంతా, వీణలు చేసే గొల్లపల్లి పనివాడు ఎప్పుడో అమ్మకానికి పెట్టాడని నాకు ఆ పూట అర్థమైంది. దురదృష్టం, నేను వంగి మెట్లు లెక్కపెడుతున్నప్పుడు ఆ వీణ బహుమతిగా ఇచ్చిన మా మావయ్యగారు సరిగ్గా నా వెనకాలే కాఫీ తాగుతున్నారు. అల్లుడు పెళ్ళి సామాను లెక్క సరిచూసుకుంటున్నాడని ఆయన బొబ్బిలి దాకా అదే అనుకుంటూ వెళ్ళారు.

పోతపని సంగతి. రెండు గుండ్రటి రబ్బరు పలకల మధ్య మాస్టరు బొమ్మలు పెట్టి, వేడిమీద నొక్కి అచ్చు చేస్తారు. దాన్ని గిర్రున తిప్పుతూ నడిమి కన్నంలో కరిగిన తగరం, సీసం పోస్తే ఆ విసురుకి లోహం అంచుల దాకా పాకి బొమ్మల్లోకి దూరుతుంది. రెండు పలకలూ కలిసేచోట సన్నటి గీత పడుతుంది, మౌల్డ్ లైన్. సందుల్లోంచి పొంగిన పల్చటి రేకు పేరు ఫ్లాష్. అచ్చు ఎక్కువ వాడితే రబ్బరు అలిసిపోతుంది, గీత గట్టవుతుంది. పలకలు కొంచెం జరిగితే మనిషి ముందుసగం ఒకచోట, వెనకసగం ఒకచోట. పెద్ద బొమ్మకైతే ఆకురాయి పెట్టి గీత తియ్యొచ్చు. ఆరు మిల్లీమీటర్లవాడికి ఆకురాయి పెడితే గీతతోపాటు ముక్కు కూడా పోతుంది. నా దగ్గర ఫ్రెంచి రెజిమెంటు ఒకటుంది, అందరూ శూర్పణఖ చుట్టాలే.

ఇంకొకటి, చాలామంది పట్టించుకోనిది. కుంచె ఎక్కడికి వెళ్తుంది? షెఫీల్డ్‌లోని బాకస్ కంపెనీ వాళ్ళ కాలిబంట్లు నలుగురేసి ఒక పట్టీ మీద నిలబడి వస్తారు. ఇలాంటి పట్టీ చేతికి రాగానే నేను మొహాలు చూడను. మనిషికీ మనిషికీ మధ్య సందు చూస్తాను, తర్వాత వెనక్కి తిప్పి వీపుమూట చూస్తాను. ఎందుకంటే బల్ల మీద నా సైన్యాన్ని నేను జీవితాంతం చూసేది వీపు వైపు నుంచే. మొహాలు శత్రువుకి. మడతలు లోతుగా చెక్కి ఉంటే నీళ్ళలా పల్చటి గోధుమరంగు వాష్ ఒకసారి పూస్తే చాలు, నీడలు వాటంతట అవే పడతాయి. మడతలు పైపైన గీకి ఉంటే వాడు ఎంత కష్టపడ్డా వానలో తడిసిన ఉప్పుబస్తాలాగే ఉంటాడు.

ఇవన్నీ తెలుసుకుని నేనేం చేస్తానో కూడా చెప్పాలిగా. షెఫీల్డ్‌లో జాయ్ ఆఫ్ సిక్స్ అని ఆరు మిల్లీమీటర్ల వాళ్ళకే ఒక జాతర జరుగుతుంది. అక్కడ స్టాలు ముందు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ప్యాకెట్టు ముక్కుకి ఆనించి, బెండకాయ కొస విరిచి చూసే రకం మనిషిలా నిలబడిపోతాను. అక్కడివాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనరు. ‘ఆర్ యూ ఆల్‌రైట్?’ అని మాత్రం ఒక పెద్దాయన అడిగాడు, కూర్చోడానికి కుర్చీ లాగుతూ. నేను గుర్రాల మోకాళ్ళ గురించి నా అభిప్రాయం చెప్పాను. ఆయనే ఆ గుర్రాలు చెక్కినాయన. కుర్చీ వెనక్కి లాక్కున్నాడు.

ఇంతటి చూపున్నవాణ్ణి, ఇంట్లో పాలు పొంగుతుంటే చూడను. బాత్రూములో బల్బు పోయిందని మా అబ్బాయి చెప్పాలి. మా ఆవిడ జుట్టు కత్తిరించుకున్న సంగతి వీడియో కాల్‌లో మా అమ్మ చెబితే తెలిసింది. “అర మిల్లీమీటరు కంటే పెద్దవేవీ మీకు కనిపించవండీ” అంది మా ఆవిడ.

లండన్‌లో నేషనల్ ఆర్మీ మ్యూజియంకి తీసుకెళ్ళి నన్ను నేను సమర్థించుకుందామని చూశాను. సైబోర్న్ అనే సైనికాధికారి వాటర్లూ యుద్ధాన్ని సాయంత్రం ఏడు గంటల ఘట్టంగా చేసిన నమూనా అక్కడుంది. 1838లో జనానికి చూపించాడు. పది మిల్లీమీటర్ల బొమ్మలు, వేలకి వేలు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో యుద్ధంలో ఉన్న అధికారులకి ఉత్తరాలు రాసి కనుక్కుని మరీ నిలబెట్టాడు. పొలంలో పైరు కూడా వదల్లేదు. నేను అద్దానికి ముక్కు ఆనించి, ‘చూడు, ఇక్కడ ఏ ఒక్క బొమ్మా గొప్పది కాదు, అయినా గుంపు మొత్తం కదులుతున్నట్టు లేదూ! అదీ నాణ్యతంటే’ అని ఉపన్యసిస్తున్నాను. ఆ నమూనా వల్ల ఆయన అప్పులపాలయ్యాడని కూడా నోరు జారాను. “పాపం, ఆయనకి పెళ్ళయిందా?” అంది మా ఆవిడ.

అసలు పాపం ఇప్పుడు చెబుతాను. నా డబ్బాల్లో రంగు పడినవాళ్ళు గుప్పెడు. పడనివాళ్ళు సామ్రాజ్యం. ఈ వ్యసనపరులు ఆ గుట్టని సీసపు కొండ అంటారు. రంగు వెయ్యడం మొదలుపెడితే బొమ్మ తప్పులు కాదు, నా తప్పులు బయటపడతాయి. అదే నాణ్యత పరిశీలిస్తున్నంతసేపూ తప్పంతా శిల్పిదే. అచ్చు బాగాలేదు, ఇంకో కంపెనీవి తెప్పించి పోల్చాలి. అవి వచ్చాయి, వీటికంటే వాళ్ళు ఒక వెంట్రుకవాసి పొడుగు, కలవరు, మళ్ళీ కొత్తవి తెప్పించాలి. ఇది చాలా గౌరవప్రదమైన బద్ధకం. ఇందులో స్కేల్ క్రీప్ అని ఒక జబ్బు కూడా నాకు బాగా ఉపయోగపడింది. ఆరు అని చెప్పి ఏడో ఏడున్నరో ఎత్తున బొమ్మలు చేస్తుంటారు, ఏటికేడాదీ కొంచెం పెంచుతూ. కొందరు అరికాలి నుంచి కంటి దాకా కొలుస్తారు, కొందరు నడినెత్తి దాకా. అలా ఏడున్నర ఎత్తున, కోడిపిల్లల మధ్య గిన్నీకోడిలా వచ్చిన ఒక తలపాగా సర్దారుని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, తిరస్కరించి, విడి డబ్బాలో వెలివేశాను. ఇతగాడు మళ్ళీ వస్తాడు.

ఎందుకంటే ఇంతలో బొబ్బిలి యుద్ధం వచ్చింది. మాది విజయనగరం. పూసపాటి రాజులకీ మాకూ ఏ చుట్టరికమూ లేదు, మా తాతగారు గుమాస్తా. కానీ బొబ్బిలి పిల్లని చేసుకున్న విజయనగరం వాడికి 1757 జనవరి 24 కేలండరులో తేదీ కాదు, కాపురంలో భాగం. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల్ని వెంటబెట్టుకుని విజయనగరం రాజు విజయరామరాజు బొబ్బిలి కోట మీదికి వెళ్ళిన సంగతి, కూరలో ఉప్పెక్కువైందని నేనన్న ప్రతిసారీ ప్రస్తావనకొస్తుంది. ఆ యుద్ధాన్ని ఆరు మిల్లీమీటర్లలో బల్ల మీద పెడతాను, రంగులు కూడా వేస్తాను అని నోరు పారేసుకున్నాను. కోటలోపల ఆడవాళ్ళకీ పిల్లలకీ జరిగింది ఆట కాదు, అది బల్ల ఎక్కదని ముందే చెప్పాను. ఆ ఒక్కమాటకి మా ఆవిడ ఒప్పుకుంది.

బొబ్బిలి వెలమదొరలని రాసిన ప్యాకెట్టు నాకెక్కడా దొరకలేదు. మొఘలాయి, మరాఠా కాలిబంట్లని తెచ్చి సర్దుకోవాలి. ఇక్కడే ఈ కొలత కరుణ చూపిస్తుంది. 28 మిల్లీమీటర్లలో మరాఠా తలపాగాని ఉత్తరాంధ్ర పాగా అంటే ఎవరూ నమ్మరు. ఆరులో పాగా అంటే ఒక గుబ్బ. ఎవరిది అనుకుంటే వాళ్ళది. కాబట్టి ఒకే కంపెనీ, ఒకే అచ్చు, ఒకే రకం ప్యాకెట్లు తెచ్చి సగం మందికి ఎర్రపాగా వేసి బొబ్బిలి అన్నాను. సగానికి పసుపుపాగా వేసి విజయనగరం అన్నాను. మా ఆవిడకి అచ్చు సంగతి చెప్పలేదు.

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి, చెయ్యి తుడుచుకుంటూ చూసింది. దగ్గరికి రాలేదు. నాకు లోపల సంబరం. ఈ బొమ్మల్ని చూడాల్సిన దూరం అదే, చెయ్యి చాచినంత దూరానికి అవతల నుంచే, భూతద్దం లేకుండా. “ఎర్రపాగాలవాళ్ళు బాగున్నారండీ. నిలబడ్డంలోనే తెలుస్తోంది. ఈ పసుపువాళ్ళు మాత్రం... భోజనాలకి పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టున్నారు.”

“వాళ్ళూ వీళ్ళూ ఒక అచ్చులోంచి వచ్చినవాళ్ళే!”

“అయ్యుండొచ్చు. ఆ అచ్చు విజయనగరం వాళ్ళకి నప్పలేదు.”

నవ్వొచ్చింది గానీ, రాత్రి దీపం కింద ఒక్కణ్ణే కూర్చుని భూతద్దంతో చూస్తే నాకూ పసుపువాళ్ళు కొంచెం నీరసంగానే కనిపించారు. పట్టీలు తారుమారు చేసి చూశాను. పసుపు రంగు మడతల్లోకి సరిగ్గా దిగదు, తెల్లటి ప్రైమర్, అంటే అడుగుపూత, మీద తప్ప నిలవదు. నేను బద్ధకించి నల్ల ప్రైమర్ మీదే వేశాను, అందుకే మురికిగా తేలింది. ఎరుపు ఆ నల్లటి మీద రక్తంలా పండింది. చిన్న బొమ్మకి రంగు ఒక పాలు వెలుగెక్కువ పెట్టాలి, లేకపోతే దూరానికి అన్నీ నల్లగా కలిసిపోతాయి. ఈ ముక్క నేను ఊళ్ళో అందరికీ చెబుతుంటాను. కనుక లోపం శిల్పిది కాదు. ఈ విషయం ఇప్పటికీ ఆమెకి చెప్పలేదు. విజయనగరం తప్పు అనుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది.

“మా వాళ్ళకి మీసాలేవండీ?” అని తర్వాతి అభ్యంతరం. చేతికి లెక్క ఇచ్చాను. ఎంత బ్రహ్మాండమైన మీసమైనా ఈ చివర నుంచి ఆ చివరకి పదిహేను సెంటీమీటర్లనుకో, మూడొందలతో భాగించు, అర మిల్లీమీటరు. ఆమె వినలేదు. మీసం లేని బొబ్బిలి వీరుణ్ణి వాళ్ళ నాన్న ముందు పెట్టనివ్వనంది. అనుభవజ్ఞులు ఆరు మిల్లీమీటర్లవాడికి కళ్ళు పెట్టరు, పెదాలు పెట్టరు, మొహమంతా ఒక్క లేతరంగు చుక్క. అలాంటి మొహాల మీద నేను కుంచెలోంచి మూడు వెంట్రుకలు మిగిల్చి, మిగతావి కోసేసి, ఊపిరి బిగబట్టి మీసాలు పెట్టాను. దగ్గర్నుంచి చూస్తే అందరూ బొగ్గు తిన్నట్టున్నారు. గుమ్మంలోంచి చూస్తే, చెప్పకూడదు గానీ, భయమేసింది.

వేసవికి మావయ్యగారు మళ్ళీ వచ్చారు. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. బొమ్మలు అంటించిన బేసుల మీద ఎర్రమట్టి చల్లి ఎండుగడ్డి రంగు అంటించాను కదా, బొమ్మల కంటే ముందు దాన్ని మెచ్చుకున్నారు, “నేల మనదే” అని. నిజం చెప్పాలంటే ఈ కొలతలో సగం నాణ్యత బేసులోనే ఉంది, ఆయనకి ఎవరూ చెప్పకుండానే అది దొరికింది. తర్వాత అడిగారు.

“అల్లుడుగారూ, పాపారాయుడెక్కడ?”

గుర్రమెక్కిన ఒక చిన్న సర్దారుని చూపించాను. ఆయన మొహం ముడుచుకుపోయింది. ఆయన తరానికి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడంటే 1964 ‘బొబ్బిలి యుద్ధం’ సినిమాలో ఎస్.వి.రంగారావు. ఆ విగ్రహం, ఆ భుజాలు. “వీడెవడో మా రైసుమిల్లు గుమాస్తాలా ఉన్నాడు” అన్నారు. గుమాస్తా అనేసరికి మా వంశం మీదికి వచ్చినట్టయింది. లోపలికెళ్ళి విడి డబ్బా తీశాను. ఏడున్నర మిల్లీమీటర్ల వాడు, కాలిపర్‌తో కొలిచి నేను వెలివేసినవాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. రాత్రికి రాత్రి ఎర్రపాగా చుట్టి, మీసానికి రెండు పూతలు పెట్టి, పొద్దున్నే కోట బురుజు పక్కన నిలబెట్టాను. మిగతా బొబ్బిలి మొత్తం వాడి భుజాల దగ్గరికి వచ్చింది. కొలతల శాస్త్రం ప్రకారం ఇంతకంటే అప్రదిష్ట లేదు.

మావయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. “ఆఁ,” అన్నారు. “ఇలా ఉండాలి.” ఫోన్‌లో ఫోటో తీసి బొబ్బిలిలో ఎవరెవరికో పంపారు. సాయంత్రానికి జవాబులొచ్చాయి. అందరికీ పాపారాయుడు నచ్చాడు. పసుపుపాగాలవాళ్ళు నీరసంగా ఉన్నారని ముగ్గురు విడివిడిగా రాశారు.

ఇప్పుడు మా ఆవిడా, మావయ్యగారూ కలిసి గుడారం ఎప్పుడని అడుగుతున్నారు. కోట పడ్డాక విజయరామరాజు గుడారంలో నిద్రపోతుంటే పాపారాయుడు లోపలికి దూరి ఏం చేశాడో మా వైపు చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. పాపారాయుడు సిద్ధంగా ఉన్నాడు, బాకుతో సహా. గుడారాలు ఆరు మిల్లీమీటర్లలో చాలామందే చేస్తారు. తెప్పించి చూశాను. ఒకదానికి తాళ్ళు మరీ లావు, ఒకదాని తలుపు మరీ వెడల్పు, ఎవరైనా దూరిపోయేట్టుంది. ఇంకోదాని గుడ్డ మడతలు బొత్తిగా లోతు లేవు. ఇంకో కంపెనీవి కూడా తెప్పించి పోల్చాలి. నాణ్యత విషయంలో నేను తొందరపడే మనిషిని కాదు.